పోస్ట్‌గ్రెస్ క్వెరీ సమయాన్ని కొలవడానికి ఏ కమాండ్ లైన్ సాధనం ఎంచుకోవాలి?

ఒకే క్వెరీని (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను) ఒకే సర్వర్ మీద నాలుగు సాధనాలతో నడిపిస్తే నాలుగు వేర్వేరు సమయాలు కనిపిస్తాయి. వాటిలో ఏది సరైనదని వాదించుకోవడంలో అర్థం లేదు, ఎందుకంటే అవన్నీ సరైనవే. గడియారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందన్నది మాత్రమే ఒక్కో సాధనంలో ఒక్కో విధంగా ఉంటుంది. ఒకటి క్వెరీ పంపే క్లయింట్ ప్రోగ్రాం లేచినప్పటి నుంచి మూసుకునే దాకా లెక్కిస్తుంది, ఒకటి క్వెరీ పంపినప్పటి నుంచి ఫలితం చేతికందే దాకా లెక్కిస్తుంది, ఇంకొకటి సర్వర్ లోపల జరిగిన పనిని మాత్రమే చూస్తుంది. అందువల్ల సాధనాన్ని ఎంచుకునే ముందు మనం అడుగుతున్న ప్రశ్న ఏమిటో తేల్చుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (వాడుకలో పోస్ట్‌గ్రెస్) అనే డేటాబేస్‌తో లినక్స్ మీద పనిచేసేవారికి అందుబాటులో ఉన్న ప్రధాన మార్గాలను ఆ దృష్టితో ఇక్కడ పోల్చి చూద్దాం. మిగతా డేటాబేస్‌ల గురించి అవసరమైన మేరకు మధ్యలో ప్రస్తావిస్తాను.

అందరి దగ్గరా ముందే ఉండే సాధనం పీఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ సొంత కమాండ్ లైన్ క్లయింట్. అందులో బ్యాక్‌స్లాష్ పెట్టి టైమింగ్ అని టైపు చేస్తే, ఆ తర్వాత నడిపే ప్రతి క్వెరీ కింద అది పట్టిన సమయం మిల్లీసెకన్లలో కనిపిస్తుంది. ఒక సెకను దాటితే అదే సమయాన్ని నిమిషాలు, సెకన్ల రూపంలో కూడా చూపిస్తుంది. ఈ గడియారం క్లయింట్ వైపు ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి. క్వెరీని సర్వర్‌కు పంపిన క్షణం నుంచి ఫలితమంతా క్లయింట్ మెమరీలోకి వచ్చి చేరే దాకా గడిచిన సమయాన్ని అది లెక్కిస్తుంది, ఆ ఫలితాన్ని పట్టికగా తీర్చి తెరమీద చూపించడానికి పట్టే సమయాన్ని కలుపుకోదు. కాబట్టి వేల వరుసలు తెరమీద పారుతున్నంతసేపూ గడియారం తిరుగుతోందేమోనని భయపడనక్కరలేదు. అయితే ఆ వరుసలు నెట్‌వర్క్ మీదుగా వచ్చిన సమయం మాత్రం లెక్కలో ఉంటుంది.

నెట్‌వర్క్ ప్రభావం ఎంత పెద్దదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికాలోని వర్జీనియాలో ఉన్న సర్వర్‌కు క్వెరీ పంపుతున్నారనుకోండి. మధ్య దూరం సుమారు 13,000 కిలోమీటర్లు, ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. అంటే సర్వర్ ఏ పనీ చేయకపోయినా, తీగ తిన్నగా వేసి ఉన్నా, వెళ్లి రావడానికే 130 మిల్లీసెకన్లు పడుతుంది. నిజమైన మార్గాలు వంకరగా ఉంటాయి కనుక ఇంకా ఎక్కువే అవుతుంది. వెతుకులాటను వేగం చేసే ఇండెక్స్ వేయడం వల్ల క్వెరీ 4 మిల్లీసెకన్ల నుంచి 1 మిల్లీసెకనుకు తగ్గినా, అక్కడి నుంచి కొలిచేవారికి ఆ మార్పు కనిపించదు. అందుకే దూరపు సర్వర్ మీద పనిచేసేటప్పుడు ముందుగా సెలెక్ట్ 1 అనే ఖాళీ క్వెరీని నాలుగైదుసార్లు నడిపి రాకపోకలకు ఎంత పడుతోందో రాసి పెట్టుకోవాలి, అసలు క్వెరీ సమయాన్ని దానితో పోల్చి చూడాలి. అంతకన్నా మంచిది, వీలైతే సర్వర్ ఉన్న యంత్రంలోకే లేదా దానికి దగ్గరలోని మరో యంత్రంలోకి లాగిన్ అయి కొలవడం.

పీఎస్‌క్యూఎల్‌తో కొలిచేటప్పుడు ఇంకో రెండు జాగ్రత్తలు అవసరం. సొంత సెట్టింగుల ఫైలు ఏదైనా ఉంటే అది కొలతను ప్రభావితం చేయకుండా పెద్ద అక్షరం ఎక్స్ ఐచ్ఛికంతో దాన్ని చదవవద్దని చెప్పాలి. రెండోది, మొదటి పరుగును విడిగా చూడాలి. కొత్తగా కనెక్షన్ తెరిచినప్పుడు ఆ సెషన్‌కు టేబుళ్ల వివరాలు ఇంకా తెలియవు, వాటిని సిస్టం కేటలాగుల నుంచి చదువుకోవాలి. డేటా పేజీలు మెమరీలో లేకపోతే డిస్క్ నుంచి తేవాలి. పెద్దమొత్తంలో డేటాను అప్పుడే ఎక్కించి ఉంటే, మొదటిసారి చదివే సెలెక్ట్ క్వెరీయే ఆ వరుసల మీద లావాదేవీ పూర్తయిందన్న గుర్తులు పెట్టాల్సి వస్తుంది, దానివల్ల చదివే క్వెరీ కూడా డిస్క్ మీద రాతలకు కారణమవుతుంది. ఈ మూడూ కలిసి మొదటి సంఖ్యను పెంచేస్తాయి. అది అబద్ధపు సంఖ్య కాదు, రోజుకొక్కసారి మాత్రమే నడిచే నివేదికకు ఆ మొదటి సంఖ్యే అసలు సంఖ్య. సెకనుకు వందసార్లు నడిచే క్వెరీకి మాత్రం అది పనికిరాదు. బ్యాక్‌స్లాష్ వాచ్ ఆదేశంతో అదే క్వెరీని నిర్ణీత వ్యవధిలో మళ్లీమళ్లీ నడిపిస్తే మొదటి పరుగు, తర్వాతి పరుగుల రెండు స్థితులూ కంటికి కనిపిస్తాయి.

సమయం ఎంతో తెలిశాక ఆ సమయం ఎక్కడ పోతోందన్న ప్రశ్న వస్తుంది. దానికి ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్‌ను మించినది లేదు. ఇది ప్రత్యేకమైన ప్రోగ్రాం కాదు, ఎస్‌క్యూఎల్ ఆదేశమే, కాబట్టి ఏ క్లయింట్ నుంచైనా పనిచేస్తుంది. క్వెరీని నిజంగానే నడిపి, ప్లాన్‌లోని (క్వెరీని నడపడానికి సర్వర్ వేసుకున్న పథకంలోని) ప్రతి మెట్టులో ఎన్ని వరుసలు వచ్చాయి, ఎంత సమయం పట్టింది అన్నది చెప్పి, చివర ప్లాన్ తయారీ సమయాన్నీ అమలు సమయాన్నీ వేరువేరుగా ఇస్తుంది. నిజంగా నడుపుతుందన్న మాటను నొక్కి చెప్పక తప్పదు, ఎందుకంటే డిలీట్ ఆదేశానికి ముందు దీన్ని తగిలిస్తే వరుసలు నిజంగానే పోతాయి. మార్పులు చేసే ఆదేశాలను లావాదేవీ మొదలుపెట్టే బిగిన్, దాన్ని రద్దుచేసే రోల్‌బ్యాక్‌ల మధ్య పెట్టి కొలవాలి. అప్పుడు కూడా వెనక్కు తీసుకున్న అప్‌డేట్ టేబుల్‌లో మృత వరుసలను (ఎవరికీ కనిపించకపోయినా చోటు ఆక్రమించేవాటిని) వదిలి వెళ్తుంది, క్రమసంఖ్యలు ఇచ్చే సీక్వెన్స్‌లు ముందుకు జరిగినవి జరిగినట్లే ఉంటాయి. వాడుకలో ఉన్న సర్వర్ మీద ఆ ప్రయోగం చేయకపోవడమే మేలు.

టైమింగ్ చూపిన సంఖ్యకూ ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ చూపిన సంఖ్యకూ తేడా ఉన్నప్పుడు చాలామంది ఒకదాన్ని నమ్మి మరొకదాన్ని పక్కన పెడతారు. నిజానికి అత్యంత విలువైన సమాచారం ఆ తేడాలోనే ఉంటుంది. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ ఫలితపు వరుసలను క్లయింట్‌కు పంపదు, వాటిని పంపడానికి వీలైన రూపంలోకి మార్చదు. పెద్ద టెక్స్ట్ లేదా జేసన్ కాలమ్‌లు పక్క నిల్వలో కుదించి దాచి ఉంటే, క్వెరీ లోపల వాటితో పని లేనంతవరకు వాటిని విప్పను కూడా విప్పదు. కాబట్టి టైమింగ్ 900 మిల్లీసెకన్లు చూపించి, ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ 200 మాత్రమే చూపించిందంటే, మిగతా 700 ఫలితాన్ని తయారుచేసి చేరవేయడంలో పోతున్నట్లు అనుమానించాలి. అక్కడ ఇండెక్స్ వేస్తే ఉపయోగం ఉండదు, అవసరం లేని కాలమ్‌లను సెలెక్ట్ నుంచి తీసేస్తే ఉంటుంది. 17వ వెర్షన్ నుంచి వచ్చిన సీరియలైజ్ ఐచ్ఛికాన్ని చేర్చితే, ఫలితాన్ని మార్చడానికి పట్టే సమయాన్ని కూడా సర్వర్ లోపలే కొలవవచ్చు. అప్పటికీ మిగిలే తేడా ఎక్కువగా నెట్‌వర్క్‌దే అవుతుంది.

దీనికి విరుద్ధంగా ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ సంఖ్యే టైమింగ్ కంటే పెద్దదిగా వచ్చే సందర్భాలూ ఉన్నాయి. ప్రతి మెట్టులో ప్రతి వరుసకూ గడియారాన్ని చూడాల్సి రావడమే దానికి కారణం. నెస్టెడ్ లూప్ (ఒక టేబుల్‌లోని ప్రతి వరుసకూ రెండోదాన్ని వెతికే పద్ధతి) కింద లక్షలసార్లు తిరిగే మెట్టు ఉన్నప్పుడు, సిస్టం గడియారాన్ని చదవడం నెమ్మదిగా ఉండే యంత్రాల మీద ఈ భారం బాగా కనిపిస్తుంది. ఎక్స్‌ప్లెయిన్‌కే ఉన్న టైమింగ్ ఐచ్ఛికాన్ని (పీఎస్‌క్యూఎల్ టైమింగ్‌ను కాదు) ఆఫ్ చేస్తే వరుసల లెక్కలు అలాగే వస్తాయి, మొత్తం సమయం కూడా వస్తుంది, మెట్టు మెట్టుకూ సమయం మాత్రం రాదు. యంత్రపు గడియారం ఎంత వేగంగా జవాబిస్తుందో తెలుసుకోవడానికి పోస్ట్‌గ్రెస్‌తో పాటే పీజీ టెస్ట్ టైమింగ్ అనే చిన్న ప్రోగ్రాం వస్తుంది.

నా అభిప్రాయంలో ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ ఇచ్చేవాటిలో మిల్లీసెకన్ల కంటే నమ్మదగినది బఫర్ల లెక్క. క్వెరీ ఎన్ని 8 కిలోబైట్ల పేజీలను తాకిందో, వాటిలో ఎన్ని పోస్ట్‌గ్రెస్ సొంత మెమరీలో దొరికాయో, ఎన్నింటిని బయట నుంచి చదవాల్సి వచ్చిందో అది చెబుతుంది. బయట నుంచి చదివింది అంటే డిస్క్ నుంచే అని కాదు, ఆపరేటింగ్ సిస్టం తన మెమరీలో దాచుకున్న పేజీ కూడా కావచ్చు. పక్కన ఇంకొకరు బ్యాకప్ మొదలుపెడితే మిల్లీసెకన్లు మారిపోతాయి, తాకిన పేజీల మొత్తం మాత్రం దాదాపు మారదు. ఒకే ఫలితాన్ని ఇచ్చే రెండు రకాల క్వెరీల్లో ఏది మెరుగు అని తేల్చాల్సి వచ్చినప్పుడు, ఒకటి 48,000 పేజీలను, రెండోది 600 పేజీలను తాకుతోందంటే, సమయాలు దగ్గరదగ్గరగా ఉన్నా నేను రెండోదాన్నే ఎంచుకుంటాను. మెమరీ ఖాళీగా ఉన్న ఈరోజు తేడా తెలియకపోయినా, మెమరీ కోసం పోటీ పెరిగిన రోజున తెలుస్తుంది. 18వ వెర్షన్‌లో ఎనలైజ్‌తో పాటు బఫర్ల లెక్క అడగకుండానే వస్తుంది, అంతకుముందు వెర్షన్లలో ఆ ఐచ్ఛికాన్ని మనమే చేర్చాలి.

ఇక బయట నుంచి కొలిచే పద్ధతి. షెల్‌లో టైమ్ అనే మాట ముందు పెట్టి పీఎస్‌క్యూఎల్‌ను నడిపితే రియల్, యూజర్, సిస్ అని మూడు సంఖ్యలు వస్తాయి. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు, యూజర్ సమయం తక్కువగా ఉందని చూసి క్వెరీ సీపీయూను పెద్దగా వాడలేదని అనుకోవడం. యూజర్, సిస్ సంఖ్యలు పీఎస్‌క్యూఎల్ అనే క్లయింట్ ప్రాసెస్‌వి, క్వెరీని నడిపింది వేరే ప్రాసెస్ అయిన సర్వర్. ఆ రెండు సంఖ్యలకూ సర్వర్ చేసిన పనికీ సంబంధం లేదు. రియల్ సమయంలోనేమో ప్రోగ్రాం లేవడం, కనెక్షన్ తెరవడం, సర్వర్ ఆ కనెక్షన్ కోసం కొత్త ప్రాసెస్ పుట్టించడం, పాస్‌వర్డ్ సరిచూసుకోవడం అన్నీ కలిసి ఉంటాయి. 14వ వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా ఉన్న స్క్రామ్ అనే పాస్‌వర్డ్ తనిఖీ పద్ధతి పాస్‌వర్డ్‌ను ఊహించడం కష్టం కావాలన్న ఉద్దేశంతో హ్యాష్ లెక్కను 4,096 సార్లు తిప్పుతుంది. భద్రతకు అది మంచిదే, కానీ 2 మిల్లీసెకన్ల క్వెరీని కొలవాలనుకున్నవారికి ఆ ఖర్చులోనే అసలు సంఖ్య కలిసిపోతుంది.

ఇదే పద్ధతిని క్రమబద్ధంగా చేసేది హైపర్‌ఫైన్. రస్ట్ భాషలో రాసిన ఈ ప్రోగ్రాం ఇచ్చిన ఆదేశాన్ని కనీసం 10 సార్లు నడిపి, సగటు, ప్రామాణిక విచలనం, కనిష్ఠ, గరిష్ఠ సమయాలను చెబుతుంది. మధ్యలో ఏదైనా పరుగు మిగతావాటికి దూరంగా పడితే హెచ్చరిస్తుంది, రెండు ఆదేశాలను ఇస్తే ఏది ఎన్ని రెట్లు వేగమో కూడా లెక్క కట్టి చూపిస్తుంది. వార్మప్ ఐచ్ఛికంతో ముందు కొన్ని పరుగులను లెక్కలోకి రాకుండా నడపవచ్చు, ప్రిపేర్ ఐచ్ఛికంతో ప్రతి పరుగుకు ముందు ఒక ఆదేశాన్ని నడపవచ్చు. ఆ ప్రిపేర్ సహాయంతో చల్లని స్థితిని, అంటే డేటా మెమరీలో లేని స్థితిని, కొలవాలనుకునేవారు ఆపరేటింగ్ సిస్టం దాచుకున్న పేజీలను ఖాళీ చేయించి అక్కడితో ఆగిపోతుంటారు. పోస్ట్‌గ్రెస్ సొంత మెమరీలో ఉన్న పేజీలు దానివల్ల పోవు, అవి పోవాలంటే సాధారణంగా సర్వర్‌ను కూడా తిరిగి మొదలుపెట్టాలి. పలు సెకన్లు నడిచే నివేదికలకు, డేటా ఎక్కించే స్క్రిప్ట్‌లకు, బ్యాకప్ ఆదేశంలో వేర్వేరు ఐచ్ఛికాలను పోల్చడానికి హైపర్‌ఫైన్ చక్కగా సరిపోతుంది. మిల్లీసెకన్లలో ముగిసే క్వెరీలకు దాన్ని వాడవద్దనే నా సలహా.

ఎస్‌క్యూలైట్, డక్‌డీబీ అనే డేటాబేస్‌ల విషయంలో మాత్రం ఈ సలహా మారుతుంది. అక్కడ సర్వర్ వేరుగా ఉండదు, డేటాబేస్ ఇంజిన్ ఆ కమాండ్ లైన్ ప్రోగ్రాం లోపలే నడుస్తుంది. కాబట్టి షెల్ టైమ్ చూపే యూజర్, సిస్ సంఖ్యలకు పూర్తి అర్థం ఉంటుంది, హైపర్‌ఫైన్ కూడా సహజంగా కుదురుతుంది. ఎస్‌క్యూలైట్ షెల్‌లో చుక్క పెట్టి టైమర్ ఆన్ అని చెప్పినా అవే మూడు సంఖ్యలు వస్తాయి, అయితే పీఎస్‌క్యూఎల్‌కు భిన్నంగా వరుసలను ముద్రించే సమయం కూడా అందులో కలుస్తుంది, అందుకని పెద్ద ఫలితాలను డెవ్ నల్‌కు (పంపినదంతా పారేసే లినక్స్ ఫైలుకు) మళ్లించి కొలవాలి. మైఎస్‌క్యూఎల్ క్లయింట్ ప్రతి ఫలితం కింద సెకన్లను రెండు దశాంశాల దాకానే చూపిస్తుంది, వేగవంతమైన క్వెరీలన్నీ 0.00 గానే కనిపిస్తాయి; 8.0.18 వెర్షన్ నుంచి అక్కడా ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ ఉంది కనుక దాన్నే ఆశ్రయించడం మంచిది.

ఇంతవరకు చెప్పినవన్నీ ఒక్క మనిషి ఒక్క క్వెరీని నడిపే పరిస్థితికి సంబంధించినవి. పరీక్షా ఫలితాలు విడుదలైన గంటలో వేలమంది ఒకేసారి హాల్ టికెట్ నంబరు కొట్టి మార్కులు చూసుకునే వెబ్‌సైటును ఊహించుకోండి. ఆ క్వెరీ ఒంటరిగా 1 మిల్లీసెకనులో ముగుస్తుందన్న సంఖ్య అక్కడ ఏ నిర్ణయానికీ చాలదు. అలాంటి ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది పోస్ట్‌గ్రెస్‌తో పాటే వచ్చే, ఒకేసారి ఎన్నో కనెక్షన్లతో క్వెరీలు నడిపే పీజీబెంచ్. దాన్ని ఏ మార్పూ లేకుండా నడిపితే టీపీసీ-బీ అనే ప్రామాణిక పరీక్షను పోలిన బ్యాంకు లావాదేవీల నమూనా నడుస్తుంది. ఆ సంఖ్య రెండు యంత్రాలను పోల్చడానికి కొంత ఉపయోగపడవచ్చు గానీ, మీ క్వెరీ గురించి ఏమీ చెప్పదు. మీ క్వెరీని ఒక ఫైలులో రాసి ఎఫ్ ఐచ్ఛికంతో ఇవ్వాలి. ఆ ఫైలులో బ్యాక్‌స్లాష్ సెట్‌తో ప్రతి పరుగుకూ వేరే సంఖ్య వచ్చేలా చేయడం తప్పనిసరి, లేకపోతే ఒకే వరుసను లక్షలసార్లు చదివి, మెమరీ వేగాన్ని కొలిచి సంతోషపడతాం. కొన్ని వరుసలనే ఎక్కువమంది అడిగే పరిస్థితి ఉంటే సమానమైన యాదృచ్ఛికత కాకుండా జిప్ఫియన్ పంపిణీని వాడవచ్చు.

సొంత ఫైలు ఇచ్చినప్పుడు చిన్న అక్షరం ఎన్ ఐచ్ఛికాన్ని చేర్చాలి, లేకపోతే పీజీబెంచ్ తన నమూనా టేబుళ్లను శుభ్రం చేయడానికి ప్రయత్నిస్తుంది, అవి మీ డేటాబేస్‌లో ఉండవు. చిన్న అక్షరం సీతో ఎన్ని కనెక్షన్లు, జేతో ఎన్ని థ్రెడ్లు, పెద్ద అక్షరం టీతో ఎన్ని సెకన్లు అన్నది చెప్పాలి. ఆ వ్యవధి కొన్ని సెకన్లు అయితే వచ్చే ఫలితాన్ని అసలు నమ్మవద్దని పోస్ట్‌గ్రెస్ అధికారిక పత్రాలే చెబుతున్నాయి, కనీసం కొన్ని నిమిషాలు నడపాలి. పెద్ద అక్షరం ఎమ్ ఐచ్ఛికంతో ప్రిపేర్డ్ పద్ధతిని ఎంచుకుంటే క్వెరీని ప్రతిసారీ కొత్తగా విశ్లేషించరు. మీ అప్లికేషన్ నిజంగా ఆ పద్ధతిని వాడుతుంటేనే దాన్ని ఎంచుకోండి, ఎందుకంటే చిన్న క్వెరీల్లో ఇదొక్కటే ఫలితాన్ని గణనీయంగా మార్చగలదు. పీజీబెంచ్‌ను సర్వర్ ఉన్న యంత్రం మీదే నడిపితే అది కూడా సీపీయూ కోసం పోటీపడుతుంది కనుక, ఎక్కువ కనెక్షన్లతో పరీక్షించేటప్పుడు పక్క యంత్రం నుంచి నడపడం మంచిది.

ఇక్కడ ఎక్కువమంది గమనించని సూక్ష్మమైన విషయం ఒకటుంది. మామూలుగా పీజీబెంచ్‌లోని ప్రతి కనెక్షన్ ఒక జవాబు వచ్చాకే తర్వాతి ప్రశ్న పంపుతుంది. సర్వర్ రెండు సెకన్లు స్తంభించిందంటే ఆ రెండు సెకన్లూ కొత్త ప్రశ్నలు వెళ్లవు, ఆలస్యమైనవి కనెక్షన్‌కు ఒక్కటి చొప్పునే నమోదవుతాయి, సగటు అందంగా కనిపిస్తుంది. నిజ జీవితంలో వాడుకరులు సర్వర్ కోలుకునే దాకా ఆగరు, వస్తూనే ఉంటారు. పెద్ద అక్షరం ఆర్ ఐచ్ఛికంతో సెకనుకు ఎన్ని లావాదేవీలు రావాలో నిర్ణయించినప్పుడు, ప్రతి లావాదేవీ ఆలస్యాన్ని అది మొదలవ్వాల్సిన క్షణం నుంచి లెక్కిస్తారు కనుక వేచి ఉన్న సమయం కూడా బయటపడుతుంది. వాడుకరుల అనుభవాన్ని అంచనా వేయాలంటే ఈ పద్ధతినే ఎంచుకోవాలని గట్టిగా చెబుతాను. చిన్న అక్షరం ఎల్ ఐచ్ఛికంతో ప్రతి లావాదేవీ సమయాన్నీ మైక్రోసెకన్లలో ఫైలుకు రాయించి, నూటికి తొంభైతొమ్మిది మందికి ఎంతలోపు జవాబు అందిందో ఆ ఫైలు నుంచి లెక్క కట్టుకోవచ్చు. పీజీబెంచ్ సొంత నివేదికలో అది ఉండదు.

ఈ సాధనాలన్నింటినీ ముందు విడిగా పరిచయం చేసుకోవాలనుకుంటే, పీజీబెంచ్ తయారుచేసే నమూనా డేటానే వాడుకోవచ్చు. స్కేలు 100 ఇస్తే ఖాతాల టేబుల్‌లో కోటి వరుసలు వస్తాయి, మొత్తం సుమారు ఒకటిన్నర గిగాబైట్లు అవుతుంది. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా తనకు కేటాయించుకునే మెమరీ 128 మెగాబైట్లే కాబట్టి బఫర్ల లెక్కలో దొరికినవీ, చదివినవీ రెండూ స్పష్టంగా కనిపిస్తాయి.

ఏ సాధనాన్ని ఎంచుకున్నా, డేటా ఎక్కించిన వెంటనే ఎనలైజ్ ఆదేశాన్ని (ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ కాదు, ఇది విడి ఆదేశం) నడిపి టేబుళ్ల గణాంకాలు సిద్ధం చేయాలి. లేకపోతే మొదటి కొలతకూ రెండో కొలతకూ మధ్యలో ఆటోవాక్యూమ్ అనే నేపథ్య ప్రక్రియ ఆ పని చేసి ప్లాన్‌నే మార్చేయవచ్చు, అప్పుడు పోల్చుతున్నవి రెండు వేర్వేరు ప్లాన్లవుతాయి. అంచనా ఖర్చు (ప్లాన్ వేసేటప్పుడు సర్వర్ లెక్కగట్టే సొంత కొలమానం) లక్ష దాటిన క్వెరీలకు 12వ వెర్షన్ నుంచి జిట్ కంపైలేషన్ (క్వెరీలోని భాగాలను అప్పటికప్పుడు యంత్ర భాషలోకి మార్చడం) డిఫాల్ట్‌గా మొదలవుతుంది, ఖర్చు ఆ గీతకు అటూ ఇటూ ఉన్న క్వెరీల సమయం ఎందుకు గెంతుతోందో తెలియక ఇబ్బంది పడేవారు జిట్‌ను ఆపి ఒకసారి చూడాలి. ఫలితాలను రాసుకునేటప్పుడు సగటు కంటే మధ్యగతం మేలు, ఒక్క చెడ్డ పరుగు సగటును లాగేస్తుంది, మధ్యగతాన్ని కదిలించలేదు.

చివరగా, ఏ క్వెరీని కొలవాలో ఇంకా తెలియని స్థితిలో ఉన్నవారు పైవాటిలో దేనితోనూ మొదలుపెట్టకూడదు. వాడుకలో ఉన్న సర్వర్‌లో పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ అనే ఎక్స్‌టెన్షన్‌ను సర్వర్ మొదలయ్యేటప్పుడే లోడయ్యేలా సెట్టింగుల్లో చేర్చి, ఒకసారి రీస్టార్ట్ చేసి, కొన్ని రోజులు అలాగే వదలాలి. విలువలు వేరైనా రూపం ఒకటే అయిన క్వెరీలను అది ఒకే పద్దు కింద చేర్చి, ఎన్నిసార్లు నడిచాయి, మొత్తం ఎంత సమయం తిన్నాయి, సగటు, కనిష్ఠం, గరిష్ఠం ఎంత అన్నది పోగుచేస్తుంది. దాన్ని పీఎస్‌క్యూఎల్‌లో మొత్తం సమయం ప్రకారం పెద్దది పైకి వచ్చేలా అమర్చి చూడండి. పైన కనిపించేది తరచుగా పది సెకన్ల నివేదిక కాకుండా, రోజుకు లక్షలసార్లు నడిచే 3 మిల్లీసెకన్ల చిన్న క్వెరీ అవుతుంది. దాన్ని పట్టుకుని ముందు ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్‌కు, తర్వాత పీజీబెంచ్‌కు ఇవ్వండి.